మడమ వెనక ఎవరూ లేరు

మా వీధి లాండ్రీలో చిన్నకోడలు షటిల్ బ్యాట్‌తో పెద్దకోడలి మడమ మీద కొట్టిందని, ఆ దెబ్బకే ఆవిడ ఏడాదిపాటు కుంటిందని ఒక మాట ఇప్పటికీ తిరుగుతోంది. మొన్న మా వరసలో అద్దెకు దిగిన అమ్మాయి, సామాను మూటలైనా విప్పకముందే నా దగ్గరికి వచ్చి, ఆ లాండ్రీలో తోడికోడళ్ళు కొట్టుకుంటారట కదండీ, బట్టలిస్తే తిరిగొస్తాయా అని అడిగింది. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి చెవిన కూడా పడిందంటే ఇక ఊరుకోకూడదనిపించింది. నేను చదివింది ఐదో తరగతే. అయినా ఈ సంగతిని మొదలునుంచి చివరిదాకా దగ్గరుండి చూసింది నేనే కాబట్టి నేనే రాస్తున్నాను. మా ముందుగది కిటికీ లాండ్రీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అది నేను పెట్టించింది కాదు, ఇల్లు కట్టినవాళ్ళు పెట్టారు.

ముందు పెద్దకోడలి గురించి చెప్పాలి. ఎత్తయిన మనిషి, వెడల్పాటి భుజాలు. లాండ్రీ ముందుగదిలో దుప్పట్లు మడతలు వేసి పరిచిన పొడుగాటి బల్ల ఉంటుంది, దాని వెనక ఆవిడ ఉంటుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆ బల్ల దగ్గర నిలబడింది, ఇప్పటికీ అక్కడే ఉంది. చొక్కా కాలరును కొసల నుంచి మధ్యకు తోస్తుంది. మధ్య నుంచి కొసలకు తోస్తే ముడత వెళ్ళి కొసలో చేరుతుందట. పంట్లాం మడత దగ్గరికి వచ్చేసరికి మునివేళ్ళ మీద లేచి, ఒంటి బరువంతా ఇస్త్రీపెట్టె మీద మోపుతుంది. ఆ గీత మళ్ళీ ఉతుక్కి వచ్చేదాకా చెక్కుచెదరదు. మా వీధిలో ఎవరు లావయ్యారో, ఎవరు ఆఫీసుకు పోవడం మానేశారో నాకన్నా ముందు ఆవిడకు తెలుస్తుంది, బట్టలే చెప్పేస్తాయి. కానీ నోరు విప్పదు. ఆ ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ పడదు.

వెనక పెరట్లో ఉతికే యంత్రాలు, మరకలు నానబెట్టే తొట్లు చిన్నకోడలివి. సన్నగా, చురుగ్గా ఉంటుంది, మాట తక్కువ. కాపురానికి వచ్చిన కొత్తలో పెద్దది ఈ పిల్లను ఎలా చూస్తుందోనని నేను బాగానే ఆరా తీశాను. కాస్త పెత్తనం చేసేది, అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు.

వీధి చివర నీళ్ళ ట్యాంకు కింద ఖాళీ స్థలంలో షటిల్ కోర్టు ఉంది. గీతలు గీసింది, దీపాలు పెట్టింది మా ఎలక్ట్రీషియన్. ఒక సాయంత్రం పెద్దకోడలు భర్తను భోజనానికి పిలవడానికి అక్కడికి వెళ్ళి, ఆయన చేతిలో బ్యాట్ తీసుకుని ఎలా ఉంటుందో చూద్దామనుకుంది. ఆ పూట ఆయన ఒక్కడే ఇంటికొచ్చి తిన్నాడు. తర్వాత మరిదికి పెళ్ళయ్యాక తోడికోడలిని కూడా లాక్కెళ్ళింది. ముందు అక్క, వెనక చెల్లెలు. వల దగ్గర పడే కాక్‌లు పెద్దదానివి, మూలలకు పోయేవి చిన్నదానివి. ఇద్దరూ నోరెత్తి పిలుచుకోకుండానే ఆడేవాళ్ళు. చూస్తుంటే మనదే ఏదో గెలిచినట్టు ఉండేది.

షటిల్ చూడ్డానికి పిల్లలాటలా కనిపిస్తుంది గానీ, మా కోర్టులో కాళ్ళు సవ్యంగా ఉన్నవాళ్ళు అరుదు. ఎలక్ట్రీషియన్ ఎగిరి దిగేటప్పుడు పాదం లోపలికి మడతపడి చీలమండ బయటివైపు ఉబ్బిపోయింది. నొప్పి తగ్గీ తగ్గకముందే ఆటకు దిగాడు, మళ్ళీ మడతపడింది. ఇప్పుడు మెట్లు దిగినా మడతపడుతుంది. లెక్కల మాస్టారు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద మేకు దిగినట్టు ఉంటుందట. కాసేపు నడిచాక తగ్గిపోతుంది కాబట్టి అది జబ్బే కాదంటాడు. వ్యాన్ డ్రైవరు బెణికిందనుకుని కట్టు కట్టుకుని చాలాకాలం తిరిగాడు, తీరా చూస్తే చిటికెనవేలి వైపు ఎముక విరిగి ఉంది. ఎవరికేమైనా మా కోర్టులో వైద్యం ఒక్కటే. వేడినూనె రాసి గట్టిగా తోమాలి, లేపి నాలుగడుగులు నడిపించాలి. నడిస్తే బెణుకు. నడవకపోతే భయపడుతున్నట్టు. మూడో రకం దెబ్బ ఒకటుంటుందని వాళ్ళు ఒప్పుకోరు.

ఇక ఆ రోజు సంగతి. మా వీధి షటిల్ పోటీల్లో ఆడవాళ్ళ జంటల ఫైనల్ సాయంత్రం. పొద్దున లాండ్రీలో గొడవైంది. ఎవరిదో పట్టుచొక్కా కాలరు రంగు మారింది. మరక మందు సరిగా కడగలేదని పెద్దకోడలు, ఇస్త్రీ వేడి ఎక్కువైందని చిన్నకోడలు. చిన్నదాని గొంతు వీధిలోకి వినిపించడం అదే మొదటిసారి కాబట్టి అందరూ చేతిలో పని ఆపి మరీ విన్నారు. సాయంత్రం కోర్టుకు వెళ్ళేటప్పుడు ఇద్దరూ వీధికి చెరో పక్కన నడిచారు. అదీ అందరూ చూశారు.

ఆట హోరాహోరీగా చివరిదాకా వచ్చింది. అవతలివాళ్ళు కాక్‌ను వల మీదుగా మెల్లగా జార్చారు. కాస్త వెనక్కి జరిగి ఉన్న పెద్దకోడలు ఎడమకాలితో నేలను తన్ని ముందుకు దూకబోయింది. ఠప్పుమని చప్పుడు. గోడ పక్కన కుర్చీలో కూర్చున్న నాకే వినిపించింది. ముందుకు పోవాల్సిన మనిషి గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఎందుకు కొట్టావే?" అంది.

చిన్నకోడలు బ్యాట్ పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడి ఉంది. పెద్దకోడలు అక్కడే కూలబడింది.

ఇంకేం కావాలి? చప్పుడు విన్నారు, మాట విన్నారు, బ్యాట్ చూశారు, పొద్దున గొడవ సరేసరి. అక్కడికక్కడే తీర్పు అయిపోయింది. ఎలక్ట్రీషియన్ నూనె సీసా పట్టుకొచ్చాడు. పెద్దకోడలిని లేపి నడవమంటే ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసింది, దాంతో బెణుకేనని తేల్చేశారు. చిన్నకోడలు మాత్రం నూనె సీసాను పక్కకు నెట్టి, "అక్కా, ఆస్పత్రికి పోదాం పద" అంది. పెద్దకోడలు ఆమె ముఖంలోకి కాసేపు చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆటో వచ్చింది. నేనూ ఎక్కాను. ఎవరూ పిలవలేదు, అయినా ఎక్కాను.

ఎముకల విభాగంలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. ఏం జరిగిందో మేమింకా నోరు విప్పలేదు. పెద్దకోడలిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా జరపమంది. ముందు బాగున్న కాలి పిక్క పట్టుకుని నొక్కింది. పాదం దానంతటదే కిందికి వంగింది. తర్వాత ఎడమకాలి పిక్క నొక్కింది. పాదం కదల్లేదు. మళ్ళీ నొక్కింది. ఊహూ. మడమకు కాస్త పైన, వెనకవైపు, తాడులా గట్టిగా తగలాల్సిన చోట ఆవిడ వేలు లోపలికి దిగింది.

"ఎవరో వెనకనుంచి కొట్టినట్టు అనిపించిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

చిన్నకోడలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెద్దకోడలు తలెత్తి, అవునండీ అంది.

"ఇది తెగినవాళ్ళంతా అదే చెప్తారు, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. మొన్నొకాయన గోడకి ఆనుకుని పరుగు మొదలెట్టాడు. గోడే తన్నిందన్నాడు."

తర్వాత నిదానంగా వివరించింది. పిక్క కండను మడమ ఎముకకు తగిలించి ఉంచే తాడులాంటిది ఒకటుంటుందట. ఎప్పుడో ఒకప్పుడు ఆడేవాళ్ళకు, నలభై దగ్గర పడ్డవాళ్ళకు, నేలను ఒక్క ఉదుటున తన్ని ముందుకు దూకినప్పుడు అది పుటుక్కున తెగుతుందట. చప్పుడూ దానిదే, దెబ్బ తగిలినట్టుండేదీ దానివల్లేనట. మరో మనిషి అక్కర్లేదు. తోమకుండా వెంటనే తెచ్చారు కాబట్టి మేలైంది, పాదం కిందికి వంచి కట్టు వేస్తే తెగిన కొసలు దగ్గరికొచ్చి అతుక్కుంటాయంది. వెనకనుంచి ఏదో శబ్దం వస్తే తిరిగి చూశాను. చిన్నకోడలు గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్పొచ్చాను. ఎవరూ నమ్మలేదు. కొట్టకుండా కొట్టినట్టు ఎలా ఉంటుందమ్మా అని దర్జీ నవ్వాడు. పెద్దకోడలు చేతికర్రల మీద గుమ్మం దాకా వచ్చి, నన్నెవరూ కొట్టలేదని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. ఇంటి గుట్టు దాచుకుంటోంది పాపం, ఎంత మంచిదో అని ఆవిడను మెచ్చుకుని, ఆ మెచ్చుకోలు పొడుగునా చిన్నదాన్ని తిట్టుకున్నారు. ఎక్కువ చెప్పేకొద్దీ ఎక్కువ దాస్తున్నట్టు తోచింది వాళ్ళకు. బ్యాంకు గుమాస్తా బట్టల మూట చిన్నకోడలి చేతికివ్వకుండా పక్కనున్న బల్ల మీద పెట్టేవాడు. కోర్టు ముందునుంచి వెళ్తుంటే, వెనక నిలబడకు తల్లీ అని వేళాకోళాలు. ఆమె బ్యాట్ అటక మీద పడేసి అటువైపు వెళ్ళడమే మానేసింది.

నేను అంత తేలిగ్గా వదిలే మనిషిని కాదు. ఆ రోజు అంపైరుగా ఎత్తు కుర్చీలో కూర్చున్న కరెంటాఫీసులో రిటైరైన లైన్‌మన్ దగ్గరికి వెళ్ళాను. చిన్నకోడలు అప్పుడు ఎక్కడుందయ్యా అని అడిగితే, ఇంకెక్కడ, వాళ్ళ వైపే దూరంగా వెనక మూలలో అన్నాడు. చెయ్యి చాపి బ్యాట్ కూడా చాపినా అందని దూరం. మరి ఇన్నాళ్ళూ నోరెందుకు మెదపలేదంటే, నన్నెవరూ అడగలేదు కదమ్మా అన్నాడు. పట్టుకెళ్ళి నలుగురి ముందూ చెప్పించాను. వాడికి అక్కడ చొక్కాలు ఊరికే ఇస్త్రీ చేసిపెడతారులే అన్నారు. చిన్నకోడల్ని కూడా నిలదీశాను, నువ్వైనా గట్టిగా కాదని చెప్పవేం అని. తొట్టిలో చేతులు పెట్టి ఆ పిల్ల అన్న మాట ఇది:

"అందరి ముందూ అక్క కొట్టావంది. నేను కొట్టలేదంటే అక్క అబద్ధం ఆడినట్టు కాదా పెద్దమ్మా? అక్క అబద్ధం ఆడదు."

ఈ మాట నేను పెద్దకోడలికి చేరవేశాను. అలాంటివి చేరవేయడానికే దేవుడు నన్ను పుట్టించాడు. అప్పటికి ఆవిడ కాలికి బూటులాంటిది పెట్టారు, లోపల మడమ కింద మెట్లుమెట్లుగా దిళ్ళు. వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ ఒక్కో దిండు తీసేస్తూ పాదాన్ని మెల్లగా నేలకు దించుతోంది. ఎత్తు పీట మీద కూర్చుని ఇస్త్రీ చేస్తే పంట్లాం గీత మెత్తగా వస్తోందని ఆవిడకు పెద్ద బాధ. ఆ పీట మీదనుంచే నాతో అంది, "నా నోటిమాట ఎవరికీ ఎక్కడంలేదు పెద్దమ్మా. ఈ కాలు బాగయ్యాక మళ్ళీ అక్కడే ఆడతా, దాన్నే వెనకాల పెట్టుకుని ఆడతా. అప్పుడు చూడనీ."

బూటు తీసేశాక అసలు కష్టం మొదలైంది. పిక్క సన్నబడి పుల్లలా అయింది. రెండు కాళ్ళ మీద మునివేళ్ళపై లేవడం కొన్నాళ్ళకే వచ్చింది. ఒక్క ఎడమకాలి మీద లేవాలి, అది డాక్టరమ్మ పెట్టిన పరీక్ష. కుడికాలితో సమానంగా లేచేదాకా కోర్టులో దిగొద్దంది. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు పెద్దకోడలు బల్ల అంచు పట్టుకుని లేవబోయేది. మడమను నేలకు మేకు కొట్టినట్టు, ఏమీ కదలదు. ముఖం మీద మాత్రం చెమటలు కారేవి. చిన్నకోడలు పక్కనే నేలమీద కూర్చుని, బట్టలకు కట్టే గుర్తు చీటీ ఒకటి తీసుకుని మడమ కిందికి దూర్చి చూసేది. దూరకపోతే తల అడ్డంగా ఊపేది. చాలా ఉదయాలు ఆ తలూపడమే నేను కిటికీలోంచి చూశాను. ఒక రోజు చీటీ దూరింది. చిన్నకోడలు దాన్ని ఇటునుంచి తోసి అటువైపు నుంచి లాగి, పైకెత్తి చూపించింది. వీధిలోకి పరిగెత్తుకొచ్చి నాకూ చూపించింది. తర్వాత మడత పెట్టిన రుమాలు దూరింది. తర్వాత చొక్కా. ఆ తర్వాత ఉతికే సబ్బు బిళ్ళ అడ్డంగా, మరికొన్నాళ్ళకు నిలువుగా.

ఈ మధ్యలో ఎలక్ట్రీషియన్ వచ్చి, ఇంకెన్నాళ్ళక్కా ఈ డ్రిల్లు, వేడినూనె పట్టించి రెండాటలు ఆడితే అదే దారికొస్తుంది అని సలహా ఇచ్చాడు. పెద్దకోడలు అతని చీలమండ వైపు చూసింది. అతను పంట్లాం కిందికి లాక్కున్నాడు. ఆడాలని ఆవిడ చేతులకు ఎంత తీట పుట్టిందో నాకు తెలుసు, సాయంత్రమైతే బ్యాట్ జాలీ మీద వేళ్ళతో వాయిస్తూ కూర్చునేది. అయినా డాక్టరమ్మ సరే అనేదాకా కోర్టు గీత దాటలేదు. ఆటలో ఎగరడం నేను చాలామంది దగ్గర చూశాను. ఆగడం ఈవిడ దగ్గరే చూశాను.

మళ్ళీ పోటీలొచ్చాయి. పేర్లు ఇచ్చే రోజున చిన్నకోడలు ససేమిరా అంది. ఇంకోసారి ఏమైనా అయితే ఈ వీధిలో నేను బతకలేనక్కా అంది. పెద్దకోడలు ఆమెతో వాదించలేదు. స్టూలు వేసుకుని తనే అటక మీది బ్యాట్ దించి, దుమ్ము తుడిచి, ఉతికిన బట్టల దొంతర పైన పెట్టి వెళ్ళిపోయింది.

మొదటి ఆటే బేకరీ నడిపే తల్లీకూతుళ్ళతో. ఎప్పుడూ ఫైనల్‌కు కూడా రానంత జనం వచ్చారు. ఆట చూడ్డానికి కాదని అందరికీ తెలుసు. చిన్నకోడలు వెనక గీతకు అతుక్కుపోయింది. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, ఎక్కడ తగులుతుందోనని బ్యాట్ ఊపడానికే భయపడుతోంది. ఇద్దరి మధ్యా ఖాళీ మైదానంలా ఉంది, వచ్చిన కాక్‌లన్నీ అందులోనే పడ్డాయి. మొదటి గేమ్ అలాగే పోయింది. విరామంలో మంచినీళ్ళ డబ్బా దగ్గర నాకు దాహం వేసింది, అందుకే వాళ్ళ మాటలు విన్నాను.

"ఏమే, ఎక్కడున్నావ్? నా వెనక ఎవరూ లేనట్టే ఉంది."

"భయంగా ఉందక్కా."

"నాకు లేదా? ఆ కాలి మీద లేవాల్సింది నేను. నువ్వు దగ్గరుంటేనే లేస్తా. రెండడుగులు ముందుకి రా."

వచ్చింది. మొదట ఒక అడుగు, తర్వాత ఇంకొకటి. ఆట నెమ్మదిగా పాత దారిలో పడింది. అప్పుడు బేకరీ కూతురు, కావాలనే అనుకుంటాను, కాక్‌ను వల మీదుగా మెల్లగా జార్చింది. అచ్చం ఆ రోజులాగే. చిన్నకోడలు సరిగ్గా పెద్దకోడలి వెనకే ఉంది, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. మైదానంలో ఒక్కరు ఊపిరి తీస్తే ఒట్టు. పెద్దకోడలు ఎడమకాలితో నేలను తన్నింది. షూ కీచుమంది, అంతే. నేలకు జానెడు ఎత్తులో కాక్‌ను అందుకుని అవతలికి దాటించింది. అది వలను రాసుకుంటూ అటువైపు పడింది. ఆవిడ అలాగే వంగి నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు.

చప్పట్లు మొదలుపెట్టింది దర్జీ. నేను అతనివైపు చూశాను. ఇంకా గట్టిగా కొట్టాడు.

ఆ మ్యాచ్ గెలిచారు. తర్వాతి రౌండులో ఓడారు, అది ఎవరికీ గుర్తులేదు. మర్నాడు బ్యాంకు గుమాస్తా బట్టల మూట తెచ్చి చిన్నకోడలి చేతిలోనే పెట్టాడు, పైగా ఈ మరక పోతుందంటావా అమ్మా అని మాట కలిపాడు. మా వీధిలో పతకాలు తెచ్చినవాళ్ళున్నారు. కానీ ఒక మనిషి పేరు నిలబెట్టడానికి మడమ కింద చీటీతో మొదలుపెట్టి ఏడాది కష్టపడిన మనిషి ఈవిడ ఒక్కతే. ఎదురింట్లో ఉన్నానని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది.

అయితే నాకు ఒక్క సందేహం మిగిలిపోయింది. అది తీరందే నిద్రపట్టేలా లేదు. ఒక మధ్యాహ్నం చిన్నకోడలు పెరట్లో ఉండగా వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాను. డాక్టరమ్మ చెప్పేదాకా చెల్లెలే కొట్టిందని నువ్వు నిజంగా నమ్మావా, దాచకుండా చెప్పు అని అడిగాను.

ఆవిడ కాలరు పూర్తి చేసి, ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది.

"నమ్మాను పెద్దమ్మా. నా మడమకు తగిలింది నాకు తెలీదా?"

"మరి దాని భుజం పట్టుకునే ఆటో ఎక్కావు కదా. కోపం రాలేదా?"

"అది ఊరికే చెయ్యెత్తే మనిషి కాదు. అంత పని చేసిందంటే నేనేం చేసుంటానా అని ఆటోలో కూర్చుని వెతుక్కున్నా. ఆస్పత్రి వచ్చేలోపు నాలుగైదు దొరికాయి."